అంకెను అమానతుగా ఎంచిన అల్బెరూనీ

ఇంటర్ పాసైన పిల్లలు ఇక ముందు ఏం చదవాలన్న చర్చ ఇంట్లో మొదలైతే ఈ రోజుల్లో తప్పక వినిపించే పేరు డేటా సైన్స్. లక్షలాది అంకెలను పోగుచేసి, గణితం సాయంతో జల్లించి, అందులోంచి పనికివచ్చే నిజాన్ని రాబట్టే శాస్త్రమిది. రోగ నిర్ధారణకు దీన్ని వాడుతున్నారు. తుఫాను దారిని ముందుగా అంచనా వేయడానికి వాడుతున్నారు. చేపలు, రొయ్యల చెరువుల మీద పరిశోధన చేసేవారు నీటి గుణం ఎప్పుడు చెడుతుందో ముందే పసిగట్టడానికి వాడుతున్నారు. యంత్రాలు కొత్తవి. కానీ ఈ శాస్త్రమంతా నిలబడింది ఒక పాత ప్రశ్న మీదనే. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు కొలిచారు? దేనితో కొలిచారు? ఎంతవరకు నమ్మవచ్చు?

ముస్లిం కుటుంబాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒక హదీసును స్వీకరించే ముందు దాన్ని ఎవరు ఎవరి నుంచి విన్నారో, వారి నడవడి ఎలాంటిదో, జ్ఞాపకశక్తి ఎంతటిదో విచారించడం మన విద్వాంసుల సంప్రదాయం. దాన్నే ఇస్నాద్ అంటాం. మాటకు పెట్టిన ఆ పరీక్షను అంకెకు కూడా పెట్టి, జీవితాంతం ఆ పట్టు వదలని మహామేధావి ఒకరు వెయ్యేళ్ల క్రితం మధ్య ఆసియాలో పుట్టారు. ఆయనే అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్బెరూనీ. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు మహమూద్ గజ్నవీ వెంట హిందూస్థాన్ వచ్చిన పండితునిగా ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఆయన జీవితం అంతకంటే ఎంతో పెద్దది.

పదిహేడేళ్ల కుర్రవాడు, ఒక కొలత ఉంగరం

అల్బెరూనీ క్రీ.శ. 973 సెప్టెంబరులో, హిజ్రీ 362లో, ఖ్వారిజమ్ దేశంలోని కాత్ నగరం శివార్లలో జన్మించారు. ఆము దర్యా నది ఒడ్డున ఉండే ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. అక్కడి పట్టణానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఉర్దూ తెలిసినవారికి బేరూన్ అంటే బయట అని తెలుసు. ఊరి వెలుపల పుట్టినవాడు కాబట్టి బెరూనీ అయ్యారని చెబుతారు.

ఖ్వారిజమ్ రాజవంశానికి చెందిన అబూ నస్ర్ మన్సూర్ గొప్ప గణిత శాస్త్రజ్ఞుడు. ఆయన ఈ కుర్రవాడి తెలివిని గుర్తించి చేరదీసి, గణితం, ఖగోళ శాస్త్రం నేర్పారు. పదిహేడేళ్ల వయసులో అల్బెరూనీ అర డిగ్రీ చొప్పున గీతలు పెట్టిన ఒక ఉంగరంలాంటి పరికరం పట్టుకుని, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో కొలిచారు. ఆ కోణాన్ని బట్టి తన ఊరి అక్షాంశాన్ని లెక్కగట్టారు. ఆ సంగతి పుస్తకాల్లో వెతుక్కోకుండా ఆకాశాన్నే అడిగారన్నమాట.

ఐదేళ్ల తర్వాత, 995లో, ఇంకా పెద్ద పరికరం తయారు చేయించి కాత్‌కు దక్షిణాన ఒక పల్లెలో పరిశీలనలు మొదలుపెట్టారు. అంతలోనే యుద్ధం వచ్చిపడింది. గుర్గాంజ్ అమీరు దండెత్తి కాత్ పాలకుణ్ణి చంపించాడు. పాత రాజవంశానికి దగ్గరివాడైన ఇరవై రెండేళ్ల అల్బెరూనీ పరికరాన్నీ, పరిశీలననూ, ఊరినీ వదిలి తలదాచుకోవలసి వచ్చింది.

పేదరికంలో నేర్చిన పాఠం

ఆ పరుగులో ఆయన ఇరాన్‌లోని రయ్ నగరం చేరారు. చేతిలో డబ్బు లేదు, అండగా నిలిచే దొర లేడు. అక్కడ పేరున్న ఒక జ్యోతిష్కుడు శాస్త్ర విషయంలో ఆయనతో విభేదించి, మాసిన బట్టలు చూసి ఎగతాళి చేశాడు. కొంతకాలానికి అల్బెరూనీ పరిస్థితి మెరుగుపడగానే ఆ పెద్దమనిషే వచ్చి స్నేహం కలిపాడు. ఈ సంగతిని ఆయన తన గ్రంథంలో రాసిపెట్టుకున్నారు. చెప్పేవాడి జేబును బట్టి మాట విలువ మారిపోవడాన్ని ఆయన స్వయంగా అనుభవించారు. తర్వాతి కాలంలో ఎవరి మాటనైనా వారి హోదాను బట్టి కాక వారి ఆధారాన్ని బట్టి తూచడానికి ఆ అనుభవం కూడా ఒక కారణమై ఉండవచ్చు.

రయ్‌లోనే ఆయనకు అల్ ఖుజందీ అనే ఖగోళ శాస్త్రజ్ఞునితో పరిచయమైంది. భూమి అక్షం ఎంత వంగి ఉందో తేల్చడానికి ఖుజందీ 994లో ఒక కొండ మీద ఇల్లంత పరికరం కట్టించాడు. అంతకుముందు ఎవరూ అంత పెద్ద పరికరంతో కొలవలేదు. అయినా అంకె కొంచెం తక్కువగా వచ్చింది. పరికరం పెద్దది కాబట్టి అంకె సరైనదే అనుకోవడం సులభం. అల్బెరూనీ అలా అనుకోలేదు. వివరాలు అడిగి తెలుసుకుని, వెలుతురు లోపలికి వచ్చే రంధ్రమున్న పైకప్పు బరువుకు జానెడు మేర కుంగిందని, తేడా అక్కడే వచ్చిందని తేల్చారు. ఈ సంగతి ఆయనకు చెప్పింది ఖుజందీయే. తన పరికరంలో లోపం ఉందని ఒప్పుకున్న ఖుజందీ నిజాయితీ కూడా మెచ్చుకోదగినదే.

నేటి పరిశోధకులు కూడా పరికరాన్ని ముందు సరిచూసుకుని, ఆ తర్వాతే అంకెను నమ్ముతారు. తక్కువ చూపించే మీటరుతో పది లక్షల సార్లు కొలిచినా పది లక్షల తప్పులే పోగవుతాయి.

రెండు నగరాలు, ఒకే గ్రహణం

అక్షాంశం కనుక్కోవడం తేలిక. సూర్యుణ్ణో ధ్రువ నక్షత్రాన్నో చూస్తే సరిపోతుంది. రేఖాంశం అలా కాదు. తూర్పున ఉన్న ఊరికీ పడమర ఉన్న ఊరికీ మధ్య తేడా తెలియాలంటే రెండు చోట్లా ఒకే క్షణాన్ని గుర్తించాలి. టెలిఫోను, రేడియో లేని కాలంలో అదెలా?

అల్బెరూనీ ఎంచుకున్న దారి చంద్రగ్రహణం. చంద్రుని మీద భూమి నీడ పడే క్షణం లోకమంతటికీ ఒకటే. ఆయన బాగ్దాద్‌లోని ప్రసిద్ధ గణితజ్ఞుడు అబుల్ వఫాతో ముందుగానే ఏర్పాటు చేసుకున్నారు. 997 మే 24న పట్టిన గ్రహణాన్ని అక్కడ ఆయన, కాత్‌లో ఈయన విడివిడిగా చూసి, తమ తమ ఊళ్లలో అప్పుడు ఎంత సమయమైందో రాసుకున్నారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి సమయంలో వచ్చిన తేడాను డిగ్రీల్లోకి మార్చితే రెండు నగరాల మధ్య రేఖాంశాల తేడా తేలిపోతుంది. అప్పటికి అల్బెరూనీకి ఇరవై మూడేళ్లు. వారాల తరబడి ప్రయాణించాల్సినంత దూరంలో ఉన్న ఇద్దరు పండితులు ఒకే రాత్రి ఒకే చంద్రుణ్ణి చూస్తూ చేసిన ఉమ్మడి పరిశోధన ఇది.

ఆ తర్వాత ఆయన కాస్పియన్ సముద్ర తీరాన జుర్జాన్ పాలకుడు ఖాబూస్ ఆశ్రయంలో కొన్నేళ్లు గడిపారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అక్కడే 'అల్ ఆసారుల్ బాఖియా' రాశారు. యూదులు, క్రైస్తవులు, పారసీకులు, అరబ్బులు, ఖ్వారిజమ్ వాసులు మొదలైన జాతుల క్యాలెండర్లను, పండుగలను, కాలగణన పద్ధతులను పక్కపక్కన పెట్టి పట్టికలు కట్టిన గ్రంథమది. ఏ రాజు ఎన్నేళ్లు ఏలాడన్న లెక్కలో ఒక్కో జాతి ఒక్కో సంఖ్య చెబితే, తనకు నచ్చినదాన్ని మాత్రమే ఉంచి మిగతావాటిని తుడిచివేయలేదు. అన్నిటినీ చూపి, ఎక్కడ పొసగడం లేదో చెప్పారు. చదరంగం గళ్లలో ఒక గింజతో మొదలుపెట్టి గడి గడికీ రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్లకూ కలిపి ఎన్ని గింజలవుతాయో కూడా ఆ పుస్తకంలోనే లెక్కకట్టారు. ఆ సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615.

లెక్కల పలక వెనుక ఆకాశం

1004 ప్రాంతంలో స్వదేశం చేరి గుర్గాంజ్ ఆస్థానంలో గౌరవంగా ఉన్నారు. ఆ సుఖం కూడా నిలవలేదు. 1017లో అక్కడి పాలకుణ్ణి తిరుగుబాటుదారులు చంపగా, దాన్ని సాకుగా చేసుకుని సుల్తాన్ మహమూద్ గజ్నవీ ఖ్వారిజమ్‌ను ఆక్రమించాడు. అక్కడి పండితులను తన వెంట గజ్నీకి తీసుకుపోయాడు. వారిలో అల్బెరూనీ ఉన్నారు, ఆయన గురువు అబూ నస్ర్ కూడా ఉన్నారు. ఆయన బందీయా, ఆస్థాన పండితుడా అన్నది చరిత్రకారులు నేటికీ చర్చించే విషయం. ఇష్టం వచ్చినప్పుడు ఇష్టం వచ్చిన చోటికి పోగల స్వేచ్ఛ మాత్రం ఆయనకు లేదు.

మరుసటి ఏడాది, 1018లో, కాబూల్ దగ్గరి ఒక పల్లెలో ఉన్నప్పటి సంగతి ఆయనే రాశారు. మనసు తీవ్రమైన బాధలో ఉంది. చేతిలో ఒక్క పరికరం లేదు, చేయడానికి సామగ్రీ లేదు. అయినా ఆ ఊరి అక్షాంశం కొలవాలన్న తపన ఆగలేదు. లెక్కలు వేసుకునే పలకను తిరగేసి, దాని వెనుక వృత్తంలో నాలుగో భాగం గీసి, డిగ్రీలుగా విభజించి, తాడుకు బరువు కట్టి వేలాడదీసి, దానితోనే సూర్యుణ్ణి కొలిచారు. వచ్చిన అంకెతో పాటు దాన్ని ఎంత నాసి పరికరంతో రాబట్టారో కూడా రాశారు. ఆ వివరం లేకుంటే చదివేవాడు ఆ అంకెను గొప్ప వేధశాలలో కొలిచిన అంకెతో సమానంగా ఎంచే ప్రమాదం ఉంది కదా!

గజ్నీ నుంచి ఖిబ్లా ఎటు?

నమాజుకు నిలబడే ప్రతి ముస్లిమూ మక్కా వైపు తిరగాలి. ఊరు మక్కాకు ఎంత దూరమైతే దిశ విషయంలో పొరపాటుకు అంత అవకాశం. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఇది గోళం మీద త్రికోణం లెక్క. రెండు ఊళ్ల అక్షాంశాలు, వాటి మధ్య రేఖాంశాల తేడా తెలిస్తేనే సాధ్యం. గజ్నీ ఖిబ్లా ఖచ్చితంగా తేల్చడమే ముఖ్య ఉద్దేశంగా అల్బెరూనీ 1025లో ఒక పెద్ద గ్రంథం ముగించారు. దాని పేరు క్లుప్తంగా 'తహదీద్'.

అందులో ఆయన పద్ధతి చూడండి. బాగ్దాద్ నుంచి గజ్నీ వరకు మధ్యలోని నగరాలను మెట్లుగా తీసుకున్నారు. బిడారుల బాటల దూరాలు సేకరించి, బాట వంకర టింకరగా పోతుంది కాబట్టి కొంత తగ్గించి, మెట్టు మెట్టుకూ రేఖాంశాల తేడా లెక్కగట్టారు. ఒకసారి ఉత్తరాన రయ్, గుర్గాంజ్, బల్ఖ్ మీదుగా గజ్నీ చేరారు. అంతటితో తృప్తిపడక దక్షిణాన షీరాజ్ మీదుగా పోయే మరో దారిలో మళ్లీ మొదటి నుంచి లెక్క చేశారు. రెండు దారుల్లో వచ్చిన జవాబులు దగ్గరదగ్గరగా ఉంటేనే నమ్మకం. ఒకే జవాబును రెండు స్వతంత్ర మార్గాల్లో రాబట్టి సరిచూసుకోవడం నేటి పరిశోధకులకు కూడా మొదటి పాఠమే.

కొండ మీద నుంచి కొలిచిన భూమి

భూమి ఎంత పెద్దది? అబ్బాసీ ఖలీఫా మామూన్ కాలంలో, అంటే అల్బెరూనీకి దాదాపు రెండు వందల ఏళ్ల ముందు, కొందరు పండితులు సింజార్ మైదానంలో ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ, ధ్రువ నక్షత్రం ఎత్తు ఒక డిగ్రీ మారేదాకా నేలను కొలిచారు. దానికి విశాలమైన మైదానం, మనుషులు, డబ్బు కావాలి. అల్బెరూనీకి అవి లేవు. ఆయనకు దొరికింది నేటి పాకిస్తాన్ పంజాబులోని నందనా కోట దగ్గర ఒక కొండ, దాని ముందు చదునైన నేల.

ముందుగా మైదానంలో రెండు చోట్ల నుంచి శిఖరాన్ని చూసి, కోణాలు కొలిచి, కొండ ఎత్తు సుమారు 652 మూరలని తేల్చారు. తర్వాత కొండెక్కి దూరాన నేల, ఆకాశం కలిసే గీతను చూశారు. భూమి చదునుగా ఉంటే ఆ గీత కంటికి సమానమైన ఎత్తులోనే కనిపించాలి. గుండ్రంగా ఉంది కాబట్టి కొంచెం కిందికి దిగి కనిపిస్తుంది. ఆ దిగుడు 34 నిమిషాలు, అంటే అర డిగ్రీకి కాస్త ఎక్కువని ఆయన కొలిచారు. కొండ ఎత్తు, ఈ చిన్న కోణం, త్రికోణమితి. ఈ మూడింటితో భూగోళం వ్యాసార్ధాన్ని ఒక్క మనిషి ఒక్క చోట నిలబడి లెక్కగట్టారు.

ఆయన లెక్కకూ నేటి 6,371 కిలోమీటర్ల లెక్కకూ తేడా చాలా కొద్ది అని గర్వంగా రాసేవారున్నారు. ఇక్కడ కొంచెం ఆగాలి. ఆయన వాడిన మూర పొడవు నేటి కొలతల్లో ఖచ్చితంగా ఎంతో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మూర పొడవు మారితే కిలోమీటర్లూ మారతాయి. పైగా గాలి పొరల్లో వెలుతురు వంగుతుంది కాబట్టి దిగంతాన్ని అంత సూక్ష్మంగా కొలవడం కష్టం. ఆయన గొప్పతనం ఆ అంకెలో కంటే ఆ పద్ధతిలో ఉంది. ఈ మాట ఆయనను తక్కువ చేయడానికి కాదు. ఎందుకంటే ఆయన కూడా తన అంకెను గొప్ప చేసుకోలేదు. తన కొలత మామూన్ పండితుల కొలతకు దగ్గరగా ఉందని చూసుకుని, వారి పరికరాలు తన వాటికంటే సున్నితమైనవి, వారి శ్రమ ఎక్కువది అంటూ వారి అంకెనే అంగీకరించారు. తాను కనిపెట్టిన పద్ధతి, తాను కొలిచిన అంకె. అయినా పరాయివారి అంకెను ముందు పెట్టారు. అంకె ఆయన దృష్టిలో సొంత ఆస్తి కాదు, రాబోయే తరాలకు అప్పగించవలసిన అమానతు.

హిందూస్థాన్‌ను చదివిన తీరు

నలభై దాటిన వయసులో ఆయన సంస్కృతం నేర్వడం మొదలుపెట్టారు. పండితులను వెతికి, గ్రంథాలు కొనుగోలు చేసి, మొదట శిష్యునిలా కూర్చుని విన్నారు. పతంజలి యోగ గ్రంథాన్ని అరబీలోకి తెచ్చారు. యూక్లిడ్ రేఖాగణితాన్ని, టోలెమీ ఖగోళ గ్రంథాన్ని సంస్కృతంలోకి తెచ్చే పని పెట్టుకున్నారు. ఈ శ్రమకు పండిన ఫలం 1030లో పూర్తయిన 80 అధ్యాయాల 'కితాబుల్ హింద్'.

విన్న మాట కళ్లారా చూసినదానికి సమానం కాదన్న హెచ్చరికతో ఆ గ్రంథం మొదలవుతుంది. అబద్ధాలు ఎందుకు పుడతాయో కూడా ఆయన విడమరిచారు. ఒకరు సొంత లాభానికి, ఒకరు తమ జాతి మీద ప్రేమతో, ఒకరు పరజాతి మీద పగతో, ఒకరు ఏమీ తెలియక విన్నది విన్నట్టు చెబుతారట. అందుకే హిందువుల నమ్మకాలను వారి గ్రంథాల నుంచి, వారి నోటి నుంచి తీసుకుని ముందుగా ఉన్నదున్నట్టు చెప్పారు. తనకు నచ్చని చోట విమర్శించారు కూడా. కానీ విమర్శ కోసం వారి మాటను వంకర చేయలేదు. నకళ్లు రాసేవారి అజాగ్రత్త వల్ల ఒకటి రెండు చేతులు మారేసరికి పుస్తకం మరో పుస్తకమై కూర్చుంటోందని బాధపడి, ప్రతులను పోల్చి చూసుకున్నారు.

మహమూద్ దండయాత్రలు ఈ దేశపు సంపదను నాశనం చేశాయని, హిందువుల మనసుల్లో ముస్లింల పట్ల తీవ్రమైన విముఖత నాటాయని, అందుకే వారి శాస్త్రాలు తమ చేతికి అందనంత దూరం పోయాయని కూడా రాశారు. గ్రంథం పూర్తయ్యేనాటికి మహమూద్ చనిపోయి ఎంతో కాలం కాలేదు. సింహాసనం మీద ఉన్నది అతని కొడుకే. ఉప్పు తిన్న ఇంటి గురించైనా నిజాన్ని దాచకపోవడం ఎంత కష్టమో చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ముత్యాలు, చేపలు, ఒక పాము

నీటి సంపద మీద కూడా ఆయన చూపు పడింది. పూర్వం సరన్‌దీబ్ అఖాతంలో ముత్యాల వేట బాగా సాగేదని, తన కాలానికి అది ఆగిపోయిందని, అదే సమయంలో ఆఫ్రికా తీరాన సుఫాలా దగ్గర ముత్యాలు దొరకసాగాయని కితాబుల్ హింద్‌లో నమోదు చేశారు. సరన్‌దీబ్ అంటే నేటి శ్రీలంక. ముత్యాలు అక్కడి నుంచి ఇక్కడికి వలస వచ్చాయని జనం అనుకుంటున్నారని కూడా రాశారు. ఇక్కడ గమనించవలసింది ఆయన పెట్టిన గీత. ముత్యాలు ఒకచోట కరువైనాయి, మరోచోట దొరికాయి అన్నది విషయం. వలస వచ్చాయన్నది జనం మాట. రెండింటినీ కలిపేయలేదు.

మన భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో చెరువులు చేసేవారికి ఈ గీత విలువ బాగా తెలుసు. రొయ్య చనిపోవడం విషయం. ఎందుకు చనిపోయిందన్నది గట్టు మీద పదిమంది పది రకాలుగా చెప్పే మాట. నీటిలో కరిగిన ప్రాణవాయువు, ఉప్పదనం, వేడి వేళకు కొలిచి రాసి పెట్టుకున్నవారికి కారణం దొరికే అవకాశం ఉంటుంది. నేటి పరిశోధకులు గణితం, కంప్యూటర్ కలిపి చేస్తున్నది కూడా ఇలా రాసిపెట్టిన కొలతల మీదనే.

అరేబియా ఎడారిలో రాళ్లు పగలగొడితే గవ్వలు, చేపల ఆనవాళ్లు కనిపిస్తాయి కాబట్టి అది ఒకప్పుడు సముద్రమని అల్బెరూనీ 'తహదీద్'లో వాదించారు. కొండల దగ్గర పెద్ద రాళ్లు, దూరం పోయేకొద్దీ చిన్న రాళ్లు, చివర ఇసుక ఉండడం చూసి, ఉత్తర హిందూస్థాన్ మైదానం నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిన ఒకనాటి సముద్రమని కూడా ఊహించారు.

రత్నాల మీద రాసిన 'కితాబుల్ జమాహిర్'లో ఒక ప్రయోగం చెప్పారు. పచ్చ రాయిని చూస్తే పాము కళ్లు కరిగి గుడ్డిదవుతుందని అందరి నమ్మకం. ఎన్నో పుస్తకాల్లో రాసి ఉంది. ఆయన పామును తెప్పించి, మెడకు పచ్చల హారం వేయించి, చుట్టూ పచ్చలు పరచి, ఎండలోనూ చలిలోనూ తొమ్మిది నెలలు చూశారు. పాము కళ్లకు ఏమీ కాలేదు. పది పుస్తకాల్లో ఉన్నంత మాత్రాన అబద్ధం నిజం కాదని ఒక్క పాము రుజువు చేసింది. నీరు నింపిన ప్రత్యేక పాత్రలో లోహాలను, రత్నాలను ముంచి, పొర్లిన నీటిని తూచి, వాటి సాంద్రతలు పోల్చారు. ఆ అంకెలు నేటి అంకెలకు చాలా దగ్గరగా ఉన్నాయి. నకిలీ బంగారాన్ని పట్టుకోవడానికి అది మంచి మార్గం.

సుల్తాను కోపం, ప్రయాణికుని సాక్ష్యం

ఆయన జీవితం రాసినవారు చెప్పే ఒక సంగతి ఉంది. దూరదేశం నుంచి ఒక రాయబారి మహమూద్ దర్బారుకు వచ్చాడు. సముద్రం దాటి ధ్రువం వైపు పోతే రాత్రన్నది లేకుండా సూర్యుడు తిరుగుతూనే కనిపించాడని చెప్పాడు. మహమూద్ మండిపడ్డాడు. అది మతానికి విరుద్ధమైన మాటని, చెప్పినవాడు దారి తప్పినవాడని అన్నాడు. దర్బారులోని ఒక పెద్దమనిషి, ఈయన అభిప్రాయం చెప్పడం లేదు, చూసింది చెబుతున్నాడని అడ్డుపడ్డాడు. సుల్తాను అల్బెరూనీ వైపు తిరిగాడు. ధ్రువం దగ్గర సూర్యుడు ఎందుకు అస్తమించడో ఆయన క్లుప్తంగా, నమ్మకం కలిగేలా వివరించారు. కళ్లారా చూసినవాడి సాక్ష్యాన్ని తెలియనితనంతో కొట్టివేయడం విశ్వాసాన్ని కాపాడటం కాదు. విద్య ఉన్నవారు ఆ క్షణంలో మౌనంగా ఉంటే ఒక నిర్దోషి దోషి అయిపోతాడు.

రైహానా కోసం ఒక పుస్తకం

1029లో ఆయన గణితం, ఖగోళం మొదటి నుంచి నేర్పే 'కితాబుత్ తఫ్హీమ్' రాశారు. ప్రశ్న, జవాబు పద్ధతిలో సాగే ఆ పుస్తకాన్ని హసన్ కుమార్తె రైహానా అడిగితే రాశారు. బిందువు అంటే ఏమిటన్న దగ్గర నుంచి గ్రహాల గతుల దాకా ఒక ఆడపిల్లకు అర్థమయ్యేలా ఆ కాలపు మహాపండితుడు కూర్చుని రాశాడంటే, కూతుళ్ల చదువు విషయంలో వెనకాడేవారు ఒకసారి ఆలోచించాలి.

మహమూద్ కుమారుడు మసూద్ కాలంలో అల్బెరూనీకి ఆదరణ పెరిగింది. తన జీవితకాలపు పరిశీలనలన్నీ కూర్చి 'అల్ ఖానూనుల్ మసూదీ' అనే మహాగ్రంథం రాసి అతనికి అంకితమిచ్చారు. నగరాల అక్షాంశ రేఖాంశాల పెద్ద పట్టిక, త్రికోణమితి పట్టికలు, పట్టికలోని రెండు అంకెల నడుమ ఉండే అంకెను సూక్ష్మంగా రాబట్టే పద్ధతి అందులో ఉన్నాయి. సుల్తాను సంతోషించి ఏనుగు మోసినంత వెండి పంపితే, తనకు అక్కరలేదని తిప్పి పంపారని చరిత్రకారులు రాశారు.

1036లో ఆయన తన రచనల జాబితా తానే రాసుకున్నారు. అప్పటికే 113 పేర్లు. ఆ తర్వాత కూడా రాశారు. మొత్తం దాదాపు 150. వాటిలో మనదాకా వచ్చినవి కొన్ని మాత్రమే. కళ్లు, చెవులు మందగించిన వార్ధక్యంలో మరో పండితుని సాయం తీసుకుని మందుల మీద 'కితాబుస్ సైదనా' రాస్తూ, ఒక్కో మూలికకు అనేక భాషల్లో ఉన్న పేర్లు సేకరించారు.

చివరి పాఠం

ఆయన మరణం క్రీ.శ. 1048లో జరిగిందని ఎక్కువ పుస్తకాల్లో ఉంటుంది. కానీ సైదనాలో తన వయసు చాంద్రమానంలో ఎనభై దాటిందని ఆయనే చెప్పుకున్నారు. దాన్ని బట్టి 1050 తర్వాత కూడా జీవించి ఉన్నారని కొందరు పరిశోధకులు లెక్కగట్టారు.

ప్రాణం గొంతులో ఉన్న సమయంలో ఒక ఫఖీహ్ ఆయనను చూడటానికి వచ్చారు. తల్లి వైపు అమ్మమ్మల వారసత్వ వాటాలపై గతంలో తమ మధ్య వచ్చిన ఒక లెక్కను మళ్లీ వివరించమని అల్బెరూనీ అడిగారు. ఈ స్థితిలో ఇదేం అడగడమని ఫఖీహ్ జాలిపడ్డారు. తెలియకుండా లోకం విడిచేకంటే తెలుసుకుని విడవడం మేలు కదా అన్నట్టు ఆయన బదులిచ్చారు. ఫఖీహ్ వివరించారు, ఆయన ఆ పాఠం కంఠస్థం చేశారు. ఫఖీహ్ వీధిలోకి వచ్చేసరికి ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి.

హైదరాబాదు తీర్చుకున్న రుణం

అల్బెరూనీ గ్రంథాలు లోకానికి చేరడంలో మన హైదరాబాదుకు గొప్ప పాత్ర ఉంది. 1888లో ఇక్కడ స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ పాత అరబీ రాతప్రతులను వెతికి, పోల్చి, అచ్చువేయడమే పనిగా పెట్టుకుంది. కితాబుల్ జమాహిర్‌ను, ఆయన గణిత వ్యాసాల సంపుటిని అచ్చువేసింది. 1954, 1956 మధ్య అల్ ఖానూనుల్ మసూదీని మూడు సంపుటాలుగా, 1958లో కితాబుల్ హింద్‌ను వెలువరించింది. ప్రపంచంలో ఎక్కడ ఆయన ఖానూన్ మీద పరిశోధన జరిగినా హైదరాబాదు ప్రతిని తెరవక తప్పదు. నకళ్లలో తప్పులు దొర్లుతున్నాయని వెయ్యేళ్ల క్రితం బాధపడిన పండితునికి ఇంతకంటే తగిన సేవ ఏముంటుంది?

చంద్రుని మీద ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు. ఆయనను తలచుకుని గర్వపడటానికి ఇలాంటివి చాలా ఉన్నాయి. గర్వపడటంలో తప్పు లేదు. కానీ ఆయన మన నుంచి కోరేది గర్వం కంటే కష్టమైనది. చేతిలోని ఫోనుకు వచ్చిన ప్రతి అంకెనూ, ప్రతి వార్తనూ చూడకుండా పది మందికి పంపే ఈ కాలంలో, పంపే ముందు ఒక్క క్షణం ఆగి ఇది ఎవరు చూశారు, ఎవరు కొలిచారు అని అడగడం. అది మనవారిని పొగిడేదైనా సరే, పరాయివారిని తెగడేదైనా సరే. డేటా సైన్స్ చదివే పిల్లలకు కళాశాల ఎన్నో సూత్రాలు నేర్పుతుంది. ఈ ఒక్క అలవాటును మాత్రం ఇల్లే నేర్పాలి.